మెరుపురాజు చీర

టీవీ సీరియల్లో మెరుపురాజు ప్రియురాలిని ఎత్తుకుని మబ్బుల్లో ఎగురుతుంటే పోచంపల్లిలో మగ్గాలు ఆగిపోయేవి. ఆ మోజులోనే నాగరాణి అతని ఛాతీ మీది మెరుపు గుర్తు వచ్చేలా ఏడు చీరల నూలుకు ముడులు కట్టి, రంగులద్దింది.

ఇంతలో మెరుపురాజుకు పెళ్లయింది. అత్తగారు అతని ఎగిరే అంగీని బీరువాలో పెట్టి తాళం వేసింది. వారాల తరబడి వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూ ఏడ్చాడు. జనం ఛానల్ మార్చేశారు.

"గా మెరుపు తీసేసి పువ్వెయ్యరాదే?" అన్నాడు మొగుడు దామోదర్.

"నేసేటోనివి, గిట్ల అడుగుతవా? నూలుకు పట్టిన రంగు యాడికి పోతది?" అని కసిరింది.

ఏడో చీర మగ్గం దిగేసరికి సీరియలే టీవీలోంచి దిగిపోయింది.

చీరలు కొనడానికి పట్నం నుంచి వచ్చినావిడ ఒకటి తడిమి, "ఇదేం డిజైన్?" అంది.

"మా ముత్తవ్వల కాలంది మేడం," అంది నాగరాణి కన్నార్పకుండా.

వంటింట్లో మగ్గిపోయిన మెరుపురాజు ఆ సాయంత్రం రెండు చీరలై హైదరాబాద్ బస్సెక్కాడు.