మొగిలి కాకకు చేప పడాల్సిన ఆదివారం

నేను అబద్ధాలు ఆడను. జరిగినదానికి కొద్దిగా గాలి కొడతానంతే. గాలి లేకపోతే సైకిలే నడవదు, కథ ఎట్లా నడుస్తుంది?

శ్రీరాంపూర్‌లో నాది సెల్‌ఫోన్లు రిపేరు చేసే డబ్బా. పేరు పరశురాములు. మామూలుగా అందరూ పర్శు అంటారు, తిట్టేటప్పుడు మాత్రం పూర్తి పేరు వాడతారు. అందుకని ఊళ్లో నా పూర్తి పేరు తెలియనివాళ్లు లేరు. నా దోస్తు నిరంజన్‌కు ట్రాలీ ఆటో ఉంది. ఆదివారం పొద్దున్నే అందులో గాలాలు వేసుకుని లక్సెట్టిపేట దాటి గోదారి ఒడ్డుకు పోతాం. చేపలు పట్టడానికని ఇంట్లో చెబుతాం. నిజానికి చేపలకు టిఫిన్ పెట్టి వస్తాం. మా ఎర్రలు తిని ఆ చేపలు ఎంత బలిశాయంటే, ఇంకో ఏడాది ఆగితే అవే ఒడ్డెక్కి మమ్మల్ని పట్టుకుపోతాయి.

ఒకసారి నిరంజన్ చాయ్ తాగుతున్నప్పుడు వాడి గాలానికి పాత గమ్‌బూటు కట్టి నీళ్లలో వదిలాను. వాడు దానితో ఇరవై నిమిషాలు పోరాడాడు. "రవ్వ చాపరా పర్శూ, అయిదు కిలోలుంటది" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బూటు బయటికొచ్చాక కూడా కాసేపు దానికి మొప్పలు ఎక్కడున్నాయా అని వెతికాడు.

ఇట్లాంటి మా పార్టీలోకి మొగిలి కాక వచ్చాడు. ఆయన నిరంజన్ వాళ్ల బాపు. బొగ్గు బాయిలో ముప్పై నాలుగేళ్లు హాలర్ నడిపాడు. భూమి లోపల ఏటవాలు దారిలో బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి గుంజే, కిందికి దింపే ఇంజను అది. నాలుగు నెలల కింద రిటైరయ్యాడు. దండలు వేశారు, శాలువా కప్పారు, డప్పులతో తెచ్చి ఇంటి ముందు దింపారు. మర్నాడు నాలుగున్నరకే లేచి, స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, ఇక పోవలసిన చోటేమీ లేక మంచం మీద కూర్చున్నాడు. అప్పటినుంచి అక్కడే కూర్చున్నాడు. నవారు మంచం ఆయన ఆకారానికి వచ్చేసింది. బాయి సైరన్ మోగితే మాత్రం మెడ అటు తిరిగేది, పొద్దుతిరుగుడు పువ్వు తిరిగినట్టు.

బతిమాలి, బెదిరించి, ఒకసారి మంచంతో సహా ఎత్తుకుపోతామని చెప్పి ఆటో ఎక్కించాం. నిరంజన్ ఆన్‌లైన్‌లో తెప్పించిన రీలు గాలం ఆయన చేతిలో పెట్టాం. మొదటిరోజు ఆయన చేపల వంక చూడనేలేదు. రీలు మొత్తం విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్లీ బిగించాడు.

"బ్రేకు లూజున్నదిరా. గిట్లయితే కొండి ఊడి మనుషుల మీద పడ్తది" అన్నాడు.

"గోదాట్ల మనుషులెవరున్నరు కాకా?"

"బ్రేకు బ్రేకే."

కానీ మూడు ఆదివారాలు గడిచినా ఆయనకు ఒక్క చేప పడలేదు. బెండు మునిగేది, ఎర మాయమయ్యేది, కాక మాత్రం బండరాయిలా కదలకుండా కూర్చునేవాడు. అదే ఒడ్డున నిరంజన్ పెళ్లాం వనిత, పెళ్లయి మూడు నెలలైనా కాని పిల్ల, చేపను పులుసులో తప్ప ఎక్కడా చూడని పిల్ల, ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతూ ఎడమచేత్తో నాలుగు పట్టింది. నాలుగోదాన్ని "ఆగు అవ్వా, ఏదో గుంజుతున్నది" అని విసుక్కుంటూ పట్టింది. కాక ఆ నాలుగు చేపల వంకా, తన ఖాళీ కొక్కెం వంకా చూసి, "మంచిదే బిడ్డా" అన్నాడు. ఆ మాటలో మంచి ఎక్కువ లేదు.

నాలుగో ఆదివారానికి ముందురోజు సాయంత్రం నిరంజన్ వాళ్లమ్మ తారాబాయి నా డబ్బాకొచ్చింది. నేను చిన్నమ్మా అంటాను. ఆమె పుట్టింది ఆసిఫాబాద్ అవతల. కోపమొస్తే నోట్లోంచి మరాఠీ వస్తుంది. ఆమె చేతిలో చెడిపోయిన ఫోన్ లేదు, చెడిపోయిన మొహం ఉంది.

"అరే పర్శు, రేపు గూడ చాప పడకపోతే మీ కాక పోతుండురా."

"యాడికి చిన్నమ్మా?"

"ఆసిఫాబాద్‌కు. మా తమ్ముడు సదానందం లేడూ, పత్తి మిల్లుల సూపర్‌వైజరు. గేటుకాడ వాచ్‌మన్ కొలువున్నదన్నడట. గాన్నే చిన్న రూమట. సోమారం రమ్మన్నడు. ఈన బ్యాగు సదురుకున్నడు. 'ఒక్క చాపను పట్టరానోడు ఇంట్ల కూసోని ఏం జేస్తడే, ఎవలకు పనికొస్తడే' అని నన్నే అడుగుతుండు."

నేను ఏదో జోకు వేయబోయి ఆగిపోయాను. నా జీవితంలో అట్లా ఆగడం అదే మొదలు.

"ముప్పై నాలుగేండ్లు మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అనుకుంట తిరిగిండు. ఆయన వచ్చే యాల్లకు నేను నిద్రల, నేను లేచే యాల్లకు ఆయన బాయిల. ఇప్పుడన్న జర ఇంటిపట్టున ఉంటడనుకుంటె, మిల్లు గేటు కావలి కాస్తడటనా? కాయ్ రే బాబా!"

"ఫికర్ జెయ్యకు చిన్నమ్మా. రేపు పడ్తది."

"ఎట్ల పడ్తది?"

"పడ్తది, అంతే."

"పరశురాములూ, నీ ఎచ్చులు జెయ్యకు మల్ల" అంది. పూర్తి పేరు.

ఆదివారం పొద్దున అంగట్లో బతికున్న కొర్రమట్ట చేప ఒకటి కొన్నాను. కిలోన్నర ఉంటుంది. గాలి కొట్టకుండా చెబుతున్నా, కిలోన్నరే. మూత ఉన్న బకెట్లో నీళ్లు పోసి, దాన్ని అందులో వేసి, మీద ఉల్లిగడ్డల సంచి కప్పి ఆటోలో పెట్టాను. దారి పొడుగునా ఉల్లిగడ్డలు ఎగురుతూనే ఉన్నాయి. "రోడ్డు బాగలేదు కాకా" అంటూ వచ్చాను. ఆ రోజు చిన్నమ్మ కూడా అన్నం గిన్నెలు కట్టుకుని వచ్చింది.

ఒడ్డుకు చేరాక కాక గాలం వేసి, వీపు నిటారుగా పెట్టి డ్యూటీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. పావుగంట తర్వాత, అనుకున్న ప్రకారం వనిత పిలిచింది.

"మామా, ఆటో బ్రేకు కిర్రుమంటున్నది. జర వచ్చి చూడుండ్రి."

బ్రేకు అనే మాటకు కాక ఆగలేడు. గాలం కర్రను పంగలకట్టెకు ఆనించి లేచాడు. నేను అప్పటికే ఆటోలోంచి దించి పెట్టిన బకెట్టు మూత తీశాను. కొర్రమట్ట నన్ను తోకతో చెంప మీద కొట్టింది. అంత గట్టి దెబ్బ నాకు ఏడో తరగతి లెక్కల సారు దగ్గర కూడా పడలేదు. ఎట్లాగో దాని మూతికి కొక్కెం తగిలించి, నీళ్లలోకి వదిలి, ఏమీ తెలియనివాడిలా ఆకాశంలో కొంగలను లెక్కపెడుతూ నిలబడ్డాను. కొంగలు లేవు.

కాక తిరిగొచ్చి కర్ర అందుకున్నాడు. బెండు బుడుంగున మునిగింది.

మేం నలుగురం ఊపిరి బిగబట్టాం. కాక రీలు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"కాకా, గుంజు!" అని అరిచాను.

ఆయన అరచెయ్యి పైకెత్తాడు. ఆగమని.

కొర్రమట్టకు కోపమొచ్చి టకటకా రెండుసార్లు లాగింది. కాక నిదానంగా బ్రేకు వదిలి, దారం విడవడం మొదలుపెట్టాడు. మంచి నూనె వేసిన రీలు కదా, పాటలాగా తిరిగింది. చేప హాయిగా అవతలి ఒడ్డుకు, కరీంనగర్ దిక్కుకు ప్రయాణమైంది.

"బాపూ, ఇడుస్తున్నవేందే! గుంజు!" నిరంజన్ నెత్తి పట్టుకున్నాడు.

"లొల్లి పెట్టకుండ్రి."

"దారం అయిపోతున్నది కాకా!"

అయిపోయింది. టప్‌మని తెగింది. అంగట్లో కొన్న నా కొర్రమట్ట కొక్కెం ముక్కుపుడకలా పెట్టుకుని వెళ్లిపోయింది.

నిరంజన్ నెత్తి మీంచి చేతులు దించి అడిగాడు.

"ఎందుకు గుంజలే బాపూ?"

"బెల్లు కొట్టలే."

"ఎవలు?"

"చాప" అన్నాడు కాక. అన్నాక ఆయన మాట ఆయనకే వినబడినట్టుంది. కాసేపు నీళ్ల వంక చూశాడు.

"బెల్లేంది మామా?" అని వనిత మెల్లగా అడిగింది.

"బాయిల గంతే బిడ్డా. కింద దూరంల ఉన్నోళ్లు మనకు కనవడరు. తీగ గుంజి బెల్లు కొడ్తరు. ఒక్కటి కొడితే ఆగాలె. రెండు కొడితే కిందికి ఇడువాలె. మూడు కొడితేనే పైకి గుంజాలె. ఇది ఒక్కటి కొట్టింది, ఆగిన. రెండు కొట్టింది, ఇడిసిన. మూడు కొడ్తదేమోనని చూస్తున్న."

నాలుగు ఆదివారాలు! నాలుగు ఆదివారాల నుంచి ఈ మనిషి గోదాట్లో చేపల ఆర్డర్లు పాటిస్తున్నాడు! నిరంజన్ ఇసకలో పడి దొర్లాడు. వనిత కొంగు నోట్లో కుక్కుకుంది. నేనైతే నవ్వలేక ఆటో చక్రం పట్టుకుని నిలబడ్డాను. నేను పుట్టినప్పటినుంచి చేసిన ఎచ్చులన్నీ కలిపినా దీని ముందు పనికిరావు.

కాక నవ్వలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు.

"తాడుకు కింద మనుషులుంటరురా" అన్నాడు. "కొండి తగిలిస్తుంటరు, టబ్బు నూకుతుంటరు. బెల్లు రాకముందే గుంజినవనుకో, ఒకని చెయ్యి పోతది, ఒకని కాలు పోతది. ముప్పై నాలుగేండ్లల్ల నా తాడు కింద ఒక్కనికి గోరు గూడ ఊడలే. అది చాపేనని నాకెరుకే. చెయ్యికే ఎరుక లేదు. చెప్తె ఇనది."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నిరంజన్ లేచి ఇసక దులుపుకున్నాడు.

"రేపు పొద్దుగాల బస్సుకు పోత" అన్నాడు కాక. "గేటు తీసుడు, మూసుడు. దానికి బెల్లుండది."

ఏం చెప్పాలో తెలియక నేను నిజం చెప్పేశాను.

"కాకా, ఆ చాప నేనే కట్టిన. అంగట్ల కొన్న."

"ఎరుక."

"ఎరుకనా?"

"టబ్బులు నిండుగ వస్తున్నయో ఖాళీగ వస్తున్నయో తాడు మీద చెయ్యి పెడ్తె తెల్వదారా? నేను కర్ర ముట్టంగనే బరువున్నది. ఇగ నువ్వు చూస్తే, చెంప మీద పొలుసు పెట్టుకొని పెండ్లికొడుకు తీరు నిలవడ్డవు."

చెంప తడుముకున్నాను. నిజమే, పొలుసు ఉంది.

"మరి తెల్సి గూడ ఎందుకు గుంజలే?"

"గుంజుదామనే చూసిన కొడుకా. నా కోసమని మీరు గింత పరేషాన్ అయిండ్రాయె. మూడోది కొడ్తె గుంజుదునే." అని తెగిన దారాన్ని రీలుకు చుట్టసాగాడు, సామాను సర్దేవాడిలా.

అంతసేపూ చెట్టు కింద కూర్చుని వింటున్న చిన్నమ్మ లేచింది. అన్నం గిన్నె మీది స్టీలు మూత, ఒక గరిటె పట్టుకుని వచ్చి కాక పక్కన ఇసకలో చతికిలబడింది.

"నిరంజనూ, మీ బాపుకు కొత్త కొక్కెం కట్టు. ఎర్ర గుచ్చు."

"ఏం జేస్తవే?" అన్నాడు కాక.

"చాపకు బెల్లు కొట్టరాదు గద. నేను కొడ్త."

"నీకేం తెల్సు బెల్లు సంగతి?"

"నాకు తెల్వకుంటె ఎవలకు తెల్సు? నిద్రల గూడ గోడకు వేలుతోని కొడ్తవు. టక్కు. టక్కు టక్కు. టక్కు టక్కు టక్కు. ముప్పై నాలుగేండ్ల సంది పక్కకు పండుకొని ఇంటున్న. మూడు కొట్టినంక గని నీకు గురక రాదు."

కాక గాలం విసిరాడు. ఇద్దరూ బెండు వంక చూస్తూ కూర్చున్నారు. మేం ముగ్గురం వెనక నిలబడ్డాం. నేను ఆ ఐదు నిమిషాల్లో ఒక్క మాట మాట్లాడలేదు. నమ్మకపోతే నిరంజన్‌ను అడగండి.

బెండు మునిగింది.

ఠణ్. ఠణ్. ఠణ్.

కాక తల ఇంకా ఆలోచిస్తుండగానే చెయ్యి పని మొదలుపెట్టింది. రీలు గిర్రున తిరిగింది, దారం బిగిసింది, నీళ్లు చీల్చుకుని ఒక వెండిముక్క గాల్లోకి ఎగిరి ఒడ్డున పడింది. పరక చేప. దాని పొడవు గురించి తర్వాత నేను చాలామందికి చాలా రకాలుగా చెప్పాను, ఒకరిద్దరితో ట్రాలీలో పట్టలేదని కూడా అన్నాను. మీకు మాత్రం ఉన్నమాట చెబుతున్నా, చూపుడువేలంత.

కాక దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు, నిండు టబ్బును ఎత్తినట్టు.

"వనితా, చూడు బిడ్డా."

"మంచిగున్నది మామా! నావాటికంటె మెరుస్తున్నది" అంది ఆ పిల్ల. నిరంజన్‌కు మంచి పెళ్లామే దొరికింది.

ఆ తర్వాత ఇంకో పరక. ఆ తర్వాత మీసాలున్న జెల్ల ఒకటి. మూత మోగడం, కాక గుంజడం. అవతలి ఒడ్డున బట్టలు ఉతికేవాళ్లు మా దిక్కు చూసి, ఇక్కడేదో పూజ జరుగుతోందనుకుని దండం పెట్టుకున్నారు.

కాసేపటికి బెండు కదలకుండానే మూత మూడుసార్లు మోగింది. కాక గుంజాడు. కొక్కెం ఖాళీ.

"యాడున్నదే?"

"ఉండె. పోయింది."

మళ్లీ వేశాడు. మళ్లీ బెండు కదల్లేదు. మళ్లీ మూడు కొట్టింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, బెండు దేవుడి బొమ్మలా నిలబడి ఉంది, అది కాకకూ కనబడుతూనే ఉంది. అయినా గుంజాడు. చిన్నమ్మ మొహం మటుకు మామూలుగానే ఉంది. ఈ విద్యలో నేనే పెద్దవాణ్ననుకుంటూ ఇన్నేళ్లు తిరిగినందుకు సిగ్గేసింది.

అప్పుడే కాక జేబులో ఫోన్ మోగింది. ఆయన చేతులు ఖాళీగా లేవు. "పర్శూ, ఎత్తు" అన్నాడు. తీసి స్పీకర్ పెట్టాను.

"బావా, నేను సదానందాన్ని. రేపు ఎన్నిగంటలకు దిగుతున్నవు? రూము ఊడ్పిచ్చిన."

కాక నా వంక చూడలేదు. చిన్నమ్మ చేతిలో గరిటె వంక చూస్తున్నాడు. అది గాల్లో ఆగి ఉంది.

"రానని చెప్పురా."

"కాక రాడట" అన్నాను.

"ఎందుకు రాడట? కొలువు పోతది మల్ల. ఇంకోన్ని పెడ్తరు."

"పెట్టుకొమ్మను. బెల్లు కొట్టే మనిషిని ఇడిసిపెట్టి హాలర్ మీదోడు పోవద్దని చెప్పు."

"బెల్లు కొట్టే మనిషేంది?" సదానందం గొంతులో నిజంగానే భయం వినబడింది. "బావ పానం మంచిగున్నదా? గా మనిషెవరు?"

"మీ అక్క" అని ఫోన్ పెట్టేశాను.

చిన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, గరిటెతో మూత మీద ఒక్కటే ఒక్కటి కొట్టింది.

కాక చెయ్యి రీలు మీద ఎక్కడిదక్కడ ఆగింది.

"ఏమైందే?"

"అన్నం చల్లారుతున్నది" అంది ఆమె. "లెవ్వు."