డ్రాయింగు బోర్డు రెండోవైపు

నేను ఉల్లిపాయలు తరుగుతుంటే మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి గోడు వెళ్ళబోసుకుంది. సోమవారానికి సొంత బోర్డు తేకపోతే ఇంజనీరింగ్ డ్రాయింగు క్లాసులోంచి తీసేసి కుట్టుపని క్లాసులో వేస్తారట. గీతలు తిన్నగా గీసుకునే టీ స్క్వేరు బద్ద స్కూలువాళ్ళే ఇచ్చారు, బోర్డు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. హాల్లోంచి మా ఆయన అందుకున్నారు. "వేస్తే వెయ్యనీ. ఆడపిల్లవి, అంత చెక్క మోసుకుంటూ ఏం తిరుగుతావు? కుట్టుపనైతే రేపు ఇంట్లో పనికొస్తుంది." అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. నాకూ నీళ్ళే గానీ, నావి ఉల్లిపాయల ఖాతాలో పోయాయి. నా కత్తి కింద ఉన్న చెక్క వంక చూశాను.

ఆ చెక్క నా డ్రాయింగు బోర్డు. హైస్కూల్లో ఆ క్లాసులో చేరిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. మా నాన్న దగ్గరుండి వడ్రంగి చేత చేయించారు. మొదట్లో మాస్టారు ఉత్త గీతలే గీయించారు. గీత సాగినంతసేపూ పెన్సిల్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ పోవాలి. తిప్పకపోతే మొన ఒకవైపే అరిగి, సన్నగా మొదలైన గీత లావుగా తేలుతుంది. మగపిల్లలు విసుక్కుని వదిలేశారు. నేను వదల్లేదు. ఏడాది చివర మాస్టారు నా షీటు గోడకి అంటిస్తే పై క్లాసులవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. ఎంత గర్వంగా ఉండేదో. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి?

పెళ్ళయ్యాక బోర్డు నాతోపాటే వచ్చింది. పెట్టడానికి ఎక్కడా చోటు లేదన్నారు, వంటింట్లో మాత్రం వెంటనే దొరికింది. "చదువుకున్న చెక్క కదా, కూరలు భలే తెగుతున్నాయి" అనేవారు అత్తగారు. ఎండలో పెడితే వంగిపోతుందని తడిబట్టతో తుడిచి గోడవార ఆరబెడితే, "మా కోడలు చెక్కని కూడా నీడపట్టున పెంచుతోంది" అని నవ్వేవారు. మా ఆయనైతే ఇంటికొచ్చినవాళ్ళతో "స్కూల్లో ఏవో బొమ్మలు గీసేదిట" అని చెప్పేవారు. బొమ్మలట. నేను ఒక ఇనప ముక్కకి కొలతలతో గీసిన కాగితం చేతికిస్తే, నా మొహం ఎరగని మనిషి కూడా ఆ ఇనప ముక్కని అచ్చం అలాగే కోసి, చిల్లులు పొడిచి ఇవ్వగలడు. ఇదంతా చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఈలోగా పొయ్యిమీద ఏదో పొంగేది.

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, చెక్కని శుభ్రంగా తుడిచి భోజనాల బల్ల మీద పెట్టి అమ్మాయిని పిలిచాను. చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "అమ్మా, నిండా కత్తిగాట్లే కదే. దీనిమీద గీత ఎలా నిలుస్తుంది?"

"తిప్పి చూడు" అన్నాను.

తిప్పింది. ముందువైపు నున్నగా, నేను ఆఖరి షీటు ఊడదీసిననాడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క గాటు లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో తరిగిన మొదటి వంకాయ దగ్గర్నుంచి ఇవాళ పొద్దుటి ఉల్లిపాయ దాకా, ఒంట్లో బాగున్నా లేకపోయినా, ఎంత కోపంలో ఉన్నా, కత్తి వెనకవైపే పడింది. టీ స్క్వేరుని బోర్డుకి అడ్డంగా నిలబెట్టి కిటికీ వైపు ఎత్తాను. రెంటికీ మధ్య ఎక్కడా వెలుతురు కనపడలేదు. చెక్క వంగలేదు. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను.

అమ్మాయి షీటు బిగించి గీత మొదలుపెట్టింది. సగానికొచ్చేసరికి లావైపోయింది. దాని చేతిమీద నా చెయ్యి వేసి పెన్సిల్ తిప్పించాను. వేళ్ళకి అన్నీ గుర్తున్నాయి.

రాత్రి భోజనానికి వచ్చి మా ఆయన బల్ల దగ్గర ఆగిపోయారు. "ఇదేమిటి, ఈ చెక్క తియ్యండి, తినాలి" అన్నారు. అంటూనే చేత్తో దాన్ని తడిమారు. "కొత్తదా? ఎప్పుడు కొన్నావు?"

"కొనలేదు. మన కూరలచెక్కే."

నమ్మలేదు. వంగి కింద చూశారు, గాట్లు కనిపించాయి. "మరి ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"చెప్పేదేముంది? ఈ ఇంట్లో నేను కాక ఇంకెవరైనా ఒక్క పూట కూర తరిగి, దాన్ని తుడిచి పెట్టి ఉంటే వాళ్ళకే తెలిసేది."

అత్తగారు ఆ నున్నటి చెక్కని ఒకసారి నిమిరి, తన కంచం తీసుకెళ్ళి వరండాలో కూర్చున్నారు.

కాసేపటికి మా ఆయనే నెమ్మదిగా అడిగారు. "మరి రేపట్నుంచి కూరలు దేనిమీద తరుగుతావు?"

"అది మీరు చూసుకోండి. సాయంత్రాలు మాకు ఈ బల్లమీద పనుంది" అని, అమ్మాయి పక్కకి ఇంకో కుర్చీ లాక్కుని నా పెన్సిల్ చెక్కుకున్నాను.