అతికించిన చర్మం

పవర్‌లూమ్‌ను తిప్పే పట్టాలో చిక్కి సిద్ధరాములు కుడిచెయ్యి వెనకవైపు ఎముక తేలింది. పుణె నుంచి వచ్చిన డాక్టరు అతని తొడ చర్మాన్ని రక్తనాళాలతో సహా తీసి ఆ చేతికి అతికించాడు. వెంట్రుకంత దారంతో నాళాలను కలిపి కుట్టాడు.

"రక్తం పారితేనే ఇది బతుకుతుంది. నీలంగా మారినా, తెల్లగా పాలిపోయినా వెంటనే చెప్పాలి" అని అతని భార్య భాగ్యలక్ష్మికి మరాఠీలో చెప్పాడు.

విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే ఆమె, ఆకుల చేట ఇంట్లో వదిలేసి మంచం పక్కనే కూర్చుంది. నర్సు వచ్చినప్పుడల్లా పెన్నులాంటి పరికరాన్ని ఆ చర్మానికి ఆనించేది. చిన్న డబ్బాలోంచి రక్తం పారే చప్పుడు ఉస్సు ఉస్సుమని వచ్చేది.

"గది నా రక్తమేనా?" అన్నాడు సిద్ధరాములు మొదటిసారి విన్నప్పుడు.

"మరెవరిది? సప్పుడు చేయక పండుకో" అని నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం అత్త మల్లమ్మ జొన్నరొట్టెలు తెచ్చింది. అప్పుడే చర్మం అంచున నేరేడుపండు రంగు భాగ్యలక్ష్మి కంటపడింది.

"సిస్టర్! డాక్టర్‌ను లవ్‌కర్, జల్ది పిలువుండ్రి!"

నర్సు సూదితో గుచ్చితే నల్లటి రక్తం వచ్చింది. వెంటనే ఆపరేషన్ గదికి తీసుకుపోయారు.

"పక్కనే కూసున్నవ్ గదనే, ఏం చూసినవే?" అంది మల్లమ్మ ఏడుస్తూ.

"చూసుడు తప్ప నా చేతుల ఏమున్నది అత్తా?"

గడ్డకట్టిన రక్తాన్ని తీసి మళ్లీ కుట్టారు. ఆ సాయంత్రం చప్పుడు వినిపించింది. తెల్లారి నర్సు పరికరాన్ని అటూ ఇటూ జరిపి ఎంత వెతికినా డబ్బా పలకలేదు.

"మిషన్ ఖరాబైనట్టున్నది" అంది భాగ్యలక్ష్మి భర్తకు వినబడేలా.

నర్సు దాన్ని అతని ఎడమ మణికట్టుకు పెట్టింది. గదంతా నిండేలా ఉస్సు ఉస్సుమంది. సిద్ధరాములు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"నువ్వు నిన్న సమయానికే చెప్పావమ్మా. నాళం మళ్లీ మూసుకుపోయింది" అన్నాడు డాక్టరు. నల్లబడ్డ చర్మాన్ని తీసేసి, తర్వాత తొడ నుంచే పల్చటి చర్మం పొర తీసి వేశాడు. గాయం మానింది. వేళ్లు మాత్రం మళ్లీ వంగలేదు.

ఇప్పుడతను కార్ఖానా గుమ్మం దగ్గర కూర్చుంటాడు. లోపల పోగు తెగి మగ్గం ఆగితే చటుక్కున లేస్తాడు. తన మగ్గం మీది కొత్తవాడు పోగు ముడేసేదాకా నిలబడి చూసి, మళ్లీ కూర్చుంటాడు.