జూలైలో చెడగొట్టిన పరీక్ష

కర్టిస్‌ను వాళ్ళమ్మ గ్లెనిస్ మనసులో ఎన్నిసార్లు చంపుకుని ఏడ్చిందో లెక్కలేదు. ఎనిమిదేళ్ళ వయసులో వాణ్ణి నగరంలోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు పిల్లల జట్టులోకి తీసుకున్నప్పుడు, సాధనకు వాడెక్కే మినీబస్సు మంచురోడ్డు మీద జారి పల్టీ కొట్టడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడేది. ఆ బస్సు ఏనాడూ పల్టీ కొట్టలేదు. పద్దెనిమిదేళ్ళకు ఆ క్లబ్బే "నీలో వేగం చాలదు బాబూ" అని పంపేస్తే, వాడెక్కడ కాలవలో దూకుతాడోనని వంటింటి కిటికీ వదలకుండా కాపు కాసింది. వాడు దూకలేదు సరిగదా, నాలుగో డివిజన్‌లో ఒక చిన్న జట్టు వెతుక్కున్నాడు. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున ఒక ఊరు. అక్కడ అలలు. లండన్‌లో ఒక జట్టు. అక్కడ కత్తిపోట్లు. రెండో డివిజన్‌లో ముచ్చటగా ఒక్క సీజన్. అక్కడ పేపర్లవాళ్ళు, కార్లు, తాగుడు. ఏ ఊరికి తగిన చావు ఆ ఊరికి సిద్ధం చేసుకుని కూర్చునేది గ్లెనిస్.

"కీడెంచి మేలెంచమన్నారు" అనేది ఎవరైనా నవ్వితే.

"నువ్వు కీడెంచి ముగించేసరికి మేలెంచడానికి టైమేదమ్మా" అనేవాడు కర్టిస్.

ఇప్పుడు వాడికి ముప్ఫై మూడు. ఆటగాడికది ముసలితనమే. సొంత ఊరి జట్టు రావెన్‌షా టౌన్ పిలిస్తే వచ్చి, తను పెరిగిన గదిలోనే దిగాడు. మైదానం నడిమధ్య ఆడేవాడు. ఆ పని సంగతి గ్లెనిస్‌కు తెలిసినంతలో ఇదీ: ముందువాళ్ళు గోల్ కొడితే పేరు వాళ్ళది, వెనకవాళ్ళు ఆపితే పేరు వాళ్ళది. మధ్యవాడు మాత్రం ఇటూ అటూ పరిగెత్తుతూ అందరి మోచేతులూ తింటాడు. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు వడ్డించిన మనిషికి మధ్యవాడి పని ఎవరికీ కనబడదన్నది ఒకరు చెప్పక్కర్లేదు.

జూలైలో సాధన మొదలైన కొత్తలో ఒక ఆదివారం కర్టిస్ తన జట్టువాడు ఓగ్డెన్‌ను భోజనానికి తీసుకొచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, వెనక వరసలో ఆడతాడు, అందరూ ఆగీ అంటారు. బీఫ్ రోస్టు, కాల్చిన ఆలుగడ్డలు, యార్క్‌షైర్ పుడ్డింగనే పొంగిన రొట్టె మీద గ్రేవీ వరదలా పోసుకుని తింటున్నాడు.

"ఏరా కర్ట్, శుక్రవారం పరీక్ష బాగా చెడగొట్టావా?" అన్నాడు.

"నా శక్తికొద్దీ చెడగొట్టా. ఒక బొమ్మ మూడుసార్లు చూపించినా కొత్తగా చూస్తున్నట్టే మొహం పెట్టా."

"ఏం పరీక్షరా?" అంది గ్లెనిస్, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"బుర్ర పరీక్ష ఆంటీ" అన్నాడు ఆగీ. "కంప్యూటర్ ముందు కూచోబెట్టి మాటలూ బొమ్మలూ చూపిస్తారు. ఎన్ని గుర్తున్నాయి, ఎంత చురుగ్గా మీట నొక్కాం, అన్నీ దాచిపెట్టుకుంటారు. రేప్పొద్దున తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. జూలై కంటే తగ్గామా, ఇంటికి పో అంటారు."

"మరైతే బాగా రాయాలిగా?"

ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు.

"బాగా రాసేది బుద్ధి లేని పిల్లకాయలు ఆంటీ. ముందే గాడిదలమని రాయించుకుంటే, దెబ్బ తగిలాక కొత్తగా తగ్గేదేముంది?"

"నువ్వు చెడగొట్టక్కర్లేదు లేరా" అన్నాడు కర్టిస్. "నీ మానాన నువ్వు రాస్తే చాలు."

గ్లెనిస్ నవ్వలేదు. ఆమె చేతిలో గ్రేవీ గిన్నె బరువెక్కింది. "అట్లా చేయకూడదురా. దెబ్బ తగిలితే ఎలా తెలుస్తుంది మరి?"

కర్టిస్ నవ్వు ఆపాడు. "అమ్మా. ఇది డ్రెస్సింగ్ రూం మాట. ఈ గుమ్మం దాటకూడదు. లండన్ జట్టులో ఒకడు లోపలి మాట బయట చెప్పాడు. ఆ సీజనంతా వాడికి భోజనం దగ్గర ఉప్పందించినవాడు లేడు. ఒక్కడు మాట్లాడితే ఒట్టు."

"నేనెవరికి చెప్తాన్రా" అంది. తన భయాల మూటలో దాన్ని అడుగున పెట్టి ముడేసింది.

ఏప్రిల్ చివరివారం, మంగళవారం సాయంత్రం ఆట. గ్లెనిస్ ఎప్పటిలాగే వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. మూల నుంచి వచ్చిన బంతికి కర్టిస్, అవతలి జట్టువాడు కలిసి ఎగిరారు. బంతి ఎవరికీ తగల్లేదు. తలకు తల తగిలి కొయ్య మీద కొయ్య పడ్డట్టు ఒక చప్పుడు మాత్రం ఆమె కూర్చున్న వరస దాకా వినిపించింది. కర్టిస్ గడ్డి మీద బోర్లా పడి, కాసేపు అలాగే ఉండి, లేచి బొటనవేలెత్తి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆట ముగిసేదాకా ఆడాడు.

మర్నాడు పొద్దున్నే పరీక్ష పెట్టారు.

"జూలైలో ఎంతో ఇప్పుడూ అంతే" అన్నాడు ఇంటికొచ్చి. "ఏమీ లేదన్నారు. శనివారం ఆడొచ్చన్నారు."

శనివారం సీజన్లో ఆఖరి ఆట. మొదటి పదకొండుమందిలో కర్టిస్ పేరు ఇంకొక్కసారి పడితే చాలు, ఒప్పందంలో ఉన్న షరతు ప్రకారం ఇంకో ఏడాది ఉద్యోగం దానంతటదే వస్తుంది. పడకపోతే అంతే. ముప్ఫై మూడేళ్ళవాణ్ణి, అందులోనూ మధ్యలో పరిగెత్తేవాణ్ణి, మళ్ళీ పిలిచేవాడెవడు? బంతి తప్ప వాడికి వేరే పని రాదు.

బుధవారం నుంచీ గ్లెనిస్ వాణ్ణే చూస్తోంది. బట్టలారబెట్టే మిషను తిరుగుతుంటే చెవులు మూసుకుని పెరట్లోకి పోయాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఆ మెట్లు దూకి దిగడమే తప్ప నడిచి దిగినవాడు కాదు. టీవీ చప్పుడు తీసేసి, బొమ్మకు కళ్ళు చిట్లించుకుని కూర్చున్నాడు. అదైనా పోనీ అనుకుంది. శుక్రవారం టీ తాగుతూ వాడే అన్నాడు:

"మంగళవారం నేనిచ్చిన పాసు చూశావా? వాడు ఎడంకాలితో కొట్టాడు చూడు, వానలో, అబ్బ!"

గ్లెనిస్ కప్పు కింద పెట్టింది. మంగళవారం వాన లేదు. మంగళవారం రావెన్‌షా గోలే కొట్టలేదు. వాడు చెప్పే గోల్ నవంబర్‌ది. వాన, ఎడంకాలు, ఆ పాసు ఇవ్వబోతుంటే వాడి మోకాలి మీద పడిన దెబ్బ, అన్నీ ఆమెకు గుర్తే. భయపడ్డ ఆటను ఆమె మరిచిపోదు. ఆమె భయపడని ఆట లేదు.

"అది నవంబర్‌లో కదరా" అంది.

వాడు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఒక్క క్షణం ఎవరూ లేరు. తర్వాత కోపం వచ్చి కూర్చుంది. "అదే అన్నాగా. నవంబర్‌దే చెప్తున్నా."

శనివారం పొద్దున కర్టిస్ టోస్టు ముట్టుకోలేదు. "నాయనా, ఈ ఒక్కరోజు వద్దురా. తల నొస్తోందని చెప్పు" అంది.

"అమ్మా, నన్ను నువ్వు ఇప్పటికి ఎన్నిసార్లు పాతిపెట్టావు? నేనింకా లేచి తిరుగుతూనే ఉన్నా. ఈ ఒక్కరోజు ఊరుకో. నీ కాళ్ళు పట్టుకుంటా, ఊరుకో."

ఆగీ కారు వచ్చి హారన్ కొట్టింది. ఆ చప్పుడుకు కర్టిస్ మొహం నలిగిన కాగితంలా ముడుచుకోవడం ఆమె చూసింది. వాడు వెళ్ళిపోయాడు.

ఆమె అంట్లు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. ఇన్నేళ్ళూ తను భయపడ్డది ఒక్కటీ నిజం కాలేదు. అదే ఆమె అదృష్టం. దాన్ని నమ్ముకునే బతికింది. ఈసారీ అంతేనేమో అని చెప్పుకుంది. కానీ ఆ చూపు, ఎవరూ లేని ఆ చూపు, తను ఊహించుకున్నది కాదు. చేతులు తుడుచుకుని కోటు వేసుకుని బస్సెక్కింది.

ఆటగాళ్ళ గుమ్మం దగ్గర కాపలా ఉన్న ముసలాయన ఆమెను చూసి, "ఏం గ్లెనిస్, మళ్ళీ తడి సాక్సా?" అన్నాడు. ఒకసారి వాన రోజున అబ్బాయికి పొడి సాక్సు తెచ్చిన పాపానికి ఊరంతా ఇప్పటికీ అదే అంటారు. ఆయన నవ్వుతూనే లోపలికి పంపాడు.

ఫిజియో టామ్సిన్ తన గదిలో పట్టీలు కత్తిరిస్తోంది. ముప్ఫై దాటని పిల్ల, అలసిన కళ్ళు.

"చెప్పండి గ్లెనిస్. ఇవాళేంటి? గడ్డికి మందు కొట్టారనా?"

"వాడి తల బాగాలేదు అమ్మాయ్."

"పరీక్ష పెట్టాం కదండీ. ఏమీ తగ్గలేదు."

మెట్ల సంగతి, మిషను సంగతి, నవంబర్ గోలు సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే అవి చిన్నవిగా వినిపించాయి.

"క్రిస్మస్ ముందు న్యుమోనియా అన్నారు మీరు" అంది టామ్సిన్, విసుగు దాచుకుంటూ. "అది జలుబు. ఆ ముందు గుండె అన్నారు. అది అజీర్తి. మీరు తల్లి, నాకర్థమవుతుంది. కానీ నాకు పదకొండుమంది కాళ్ళున్నాయి కట్టడానికి."

నాన్నా పులి అన్న పిల్లాడి మాటలా అయింది తన మాట. గోడ అవతల పాటలు మోగుతున్నాయి, మగపిల్లల నవ్వులు, వాటి మధ్య తన కొడుకు నవ్వు. చెబితే ఆ నవ్వులోంచి వాణ్ణి తను తీసేసినట్టే. ఆ ఉప్పు ఇంక వాడికి ఎవరూ అందించరు. చెప్పకపోతే... చెప్పకపోతే ఏమవుతుందో ఆమె మనసు మొదటిసారి చూపించడానికి నిరాకరించింది. అన్ని చావులూ చూపించిన మనసు ఇది చూపించలేదు.

"జూలై పరీక్ష అబద్ధం" అంది.

కత్తెర ఆగింది. "ఏంటి?"

"కావాలని చెడగొట్టాడు. దెబ్బ తగిలినా తేడా తెలియకుండా. వాడే నాకు చెప్పాడు."

"ఒక్కడేనా?"

"నాకు తెలిసింది మావాడి సంగతే" అంది గ్లెనిస్. ఆ ఆదివారం భోజనం బల్ల దగ్గర రెండోవాడు ఉన్నాడని చెప్పలేదు. టామ్సిన్ మొహంలో రక్తం లేదు. ఒక్కడు చేసిన పని కాదని ఆ పిల్లకు అర్థమైపోయినట్టే ఉంది. పట్టీలు పక్కన పెట్టి, తలుపు తీసి, "కర్టిస్, ఒక్క నిమిషం ఇట్రా" అని పిలిచింది.

వాడు జెర్సీ తొడుక్కుని వచ్చాడు. తల్లిని చూశాడు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మా... ఏం చేశావే?"

"కంప్యూటర్ వద్దు" అంది టామ్సిన్. "నాకే చెప్పు. నెలలు వెనకనుంచి. డిసెంబర్ నుంచి మొదలుపెట్టు."

"నేను చిన్నపిల్లాణ్ణా?"

"చెప్పు కర్టిస్."

వాడు నడుము మీద చేతులు పెట్టుకుని, ఎగతాళిగా మొదలుపెట్టాడు. "డిసెంబర్. నవంబర్. అక్టోబర్." ఆగాడు. "ఆగస్టు." మళ్ళీ ఆగాడు. పెదవులు కదిలాయి. "ఉండు. డిసెంబర్. నవంబర్..." ఈసారి ఎగతాళి లేదు. మూడోసారి మొదలుపెట్టేసరికి వాడి గొంతు ఎనిమిదేళ్ళ పిల్లాడి గొంతులా అయిపోయింది. గ్లెనిస్ తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఎక్కడ ఆ మరిచిన నెల అందించేస్తానోనని.

తలుపు తెరుచుకుంది. ఆగీ తల లోపలికి పెట్టాడు. "ఏరా, రావా? బాసు అరుస్తున్నాడు..." కర్టిస్‌ను, టామ్సిన్‌ను చూసి, చివరికి గ్లెనిస్‌ను చూశాడు. "ఆంటీ" అన్నాడు. ఇంకేదో అనబోయి, అనకుండా తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయాడు. దడాలున వేసినా అంత బాధ ఉండేది కాదు.

టామ్సిన్ టెలిఫోన్ అందుకుంది. "నిన్ను ఇవాళ్టి జట్టులోంచి తీసేస్తున్నా. ఆసుపత్రికి ఇప్పుడే వెళ్ళాలి, తల లోపల రక్తం ఏమైనా చేరిందేమో చూడాలి. కారు పంపుతా."

ఆ ఒక్క మాట, రక్తం, గ్లెనిస్ చెవుల్లో గంటలా మోగుతూ ఉండిపోయింది.

కారులో వాడు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడా, ఇంకేమైనా అవుతోందా అని ఆమె వాడి ఛాతీ పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చుంది. వెనక స్టేడియంలో జనం ఒక్కసారి అరిచారు. ఎవరు కొట్టారని వాడు అడగలేదు.

ఆసుపత్రిలో నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. పేరడిగింది, చెప్పాడు. ఏ ఊరని అడిగింది, చెప్పాడు. "ఇవాళేం వారం?" అంటే కాస్త వెతుక్కుని చెప్పాడు. తర్వాత పక్కకు తిరిగి, "మరి ఈవిడెవరు?" అంది.

కర్టిస్ తల్లి వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు మరలట్లేదు, మాట రావట్లేదు. ప్రభువా, కోపమే అయి ఉండాలి. జీవితాంతం మొహం చూడకపోయినా సరే, ఉప్పు అందించకపోయినా సరే, ఇది కోపమే అయి ఉండాలి.

"ఈవిడా?" అన్నాడు చివరికి, ఒక్కో మాటా నమిలి. "నా ఉద్యోగం పోగొట్టినావిడ."

గ్లెనిస్‌కు నిలువునా ఏడుపు తన్నుకొచ్చింది. "అవునమ్మా, నేనే" అంది నర్సుతో, ఏదో గొప్ప పేరు చెప్పినట్టు. "వాళ్ళమ్మను."

నర్సు నవ్వలేదు. ఏదో రాసుకుని, కుర్చీ తోసుకుంటూ స్కానింగు గది వైపు వెళ్ళింది. మలుపు దగ్గర వాడి తల ఒక పక్కకు ఒరిగింది. అలసటో, మరొకటో. రెండు రెక్కల తలుపు వాళ్ళ వెనక మూసుకుంది. గ్లెనిస్ లేచి వెళ్ళి ఆ తలుపు అద్దానికి నుదురు ఆనించింది. అవతల ఖాళీ నడవా తప్ప ఏమీ కనబడలేదు. అయినా చూస్తూ నిలబడింది, ఈసారి వేళ్ళు అడ్డం పెట్టుకోకుండా.