కుడివైపు పళ్ళు

సెట్ల మేస్త్రి ఎవరితో మాట్లాడుతున్నా ముఖం చూడడు, మూతి చూస్తాడు. ముప్పై ఏళ్ళుగా కట్టుడు పళ్ళ సెట్లు చేసి బతుకుతున్న మనిషి. ప్లాస్టరు అచ్చు ఒకటి చేతిలో పెడితే చాలు, ఈయన నిద్రలో పళ్ళు కొరుకుతాడనీ, ఈమె దారం పంటితో తెంపుతుందనీ ఇట్టే చెప్పేస్తాడు. ఊళ్ళో సగం నవ్వులు తన చేతిమీదుగా వెళ్ళినవేనని ఆయనకు కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే ఉంది.

ఇంటి ముందుగదే ఆయన పనిగది. బల్లమీద మైనం, చిన్న దీపం, ఆకురాళ్ళు. బల్లకింద పెంపుడు కుక్క పిడుగు. పేరుకు పిడుగే గానీ, ఆరేళ్ళలో అది ఎవరిమీదా పడ్డ పాపాన పోలేదు. ఆ పేరుకు తగ్గ పని మొన్న సోమవారం ఒక్క నిమిషంలో చేసి కూర్చుంది. మేస్త్రి మనవరాలు చిట్టి రోజూలాగే దాని ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ముద్దు పెట్టబోయింది. పిడుగు గుర్రుమని పిల్ల చేతిమీదికి ఒక్క కాటు విసిరింది. చర్మం తెగలేదు, గీత మాత్రం పడింది.

కోడలికి ఆ గీత చాలు. "మావయ్యగారూ, ఇంక నావల్ల కాదు. ఆదివారం మా అన్నయ్య వచ్చి తీసుకుపోతాడు. వాళ్ళ గోడౌనుకి కాపలాకుక్క కావాలట" అంది. మేస్త్రి నోరు విప్పబోయాడు గానీ, పిల్ల చేతికేసి చూసి మూసుకున్నాడు. కానీ గోడౌనులో పిడుగు గొలుసుకు కట్టి ఉండటం తలుచుకుంటే ఆయనకు అన్నం సహించడంలేదు.

"ఆరేళ్ళు లేని కోపం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందంటావ్?" అని భార్యనడిగాడు. ఆవిడ పాలలో బ్రెడ్డు నానబెట్టుకుంటోంది. "ఏదో బాధ ఉండే ఉంటుందండీ" అంది. "బాధుంటే తిండి మానెయ్యదూ? గిన్నె నాకి నాకి మెరిపిస్తోంటే! సరేగానీ, నేను చేసిన సెట్టు పెట్టుకుని ఆ నానబెట్టుకు తినడమేమిటి? ఎవరైనా చూస్తే నా పరువేం కాను?" ఆవిడ నవ్వి ఊరుకుంది. నాలుగేళ్ళుగా ఈ మాటకు ఆవిడ జవాబు ఆ నవ్వే.

గురువారం పొద్దున్న పనేమీ తోచక, చిట్టి రబ్బరు బంతి చేతిలోకి తీసుకుని తిప్పుతున్నాడు మేస్త్రి. పిడుగు కొరికి కొరికి దానినిండా గాట్లు పెట్టింది. దుమ్ము పట్టిన పాత గాట్లు కుడివీ ఎడమవీ రెండు వరసల్లో ఉన్నాయి. కొత్తవి ఒక్క వరసే. ఆయన బంతిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి మళ్ళీ చూశాడు. ఇలాంటి అచ్చు ఏ మనిషిదైనా అయితే ఒక్క చూపులో చెప్పేవాడు, ఈయన ఒకవైపే నములుతున్నాడని. కుక్క సంగతి ఎవరికి తెలుసు? తెలుసుకోవాలన్న దురద మాత్రం పట్టుకుంది.

గులాబీరంగు మైనం పలక వెచ్చచేసి, మాంసం ఉడికించిన నీళ్ళు పూసి పిడుగు ముందు పెట్టాడు. అది తల ఒక పక్కకు వంచి, ఎడమ దవడతో జాగ్రత్తగా నొక్కింది. ఇంకో పలకను పనిగట్టుకుని కుడివైపునుంచి అందించాడు. పిడుగు లేచి, చుట్టూ తిరిగొచ్చి, మళ్ళీ ఎడమవైపుతోనే పట్టుకుంది. మేస్త్రి అచ్చులో ప్లాస్టరు పోసి, గట్టిపడేదాకా కుర్చీలో కూర్చోలేక గదంతా పచార్లు చేశాడు.

శుక్రవారం ఆ అచ్చు జేబురుమాలులో చుట్టుకుని, పిడుగుతో పశువుల ఆసుపత్రికి వెళ్ళాడు. పక్క కుర్చీలో ఒకావిడ ఒళ్ళో బుట్ట, బుట్టలో పిల్లి. "ఆకలంటూ గిన్నె దాకా వస్తుందండీ, వాసన చూస్తుంది, వెళ్ళిపోతుంది" అని ఆవిడ వాపోయింది. మేస్త్రి బుట్టలోకి వంగి పిల్లి మూతి చూడబోతే, అది ఈయన ముక్కు చూడబోయింది. వెంటనే వెనక్కి తగ్గి బుద్ధిగా కూర్చున్నాడు.

డాక్టరమ్మ సోమవారం సంగతంతా విని, అచ్చు చూసి పగలబడి నవ్వింది. "కుక్క పళ్ళకి అచ్చు తీసుకొచ్చినవాళ్ళని ఇప్పటిదాకా చూడలేదు మేస్త్రిగారూ! మేం కుక్క నోరు చూడాలంటే చెమటలు పడతాయి." నవ్వుతూనే, సహాయకుడితో పిడుగు తల పట్టించి, కుడి పెదవి మెల్లిగా ఎత్తింది. నవ్వాగింది. "ఇటు రండి" అని పిలిచింది.

పైదవడలో వెనకవైపున్న పెద్ద పన్ను. దాని బయటి పొర పలకలా ఊడిపోయి ఉంది. మధ్యలో ఎర్రటి చుక్క. చుట్టూ చిగురు ఉబ్బింది. ఆ పక్క వాడకపోవడంతో మిగతా పళ్ళకు గోధుమరంగు గార మందంగా పట్టింది.

"ఆ ఎర్రచుక్క నరముండే చోటు. మీ మనవరాలి చెయ్యి సరిగ్గా దానిమీదే పడుంటుంది" అంది డాక్టరమ్మ. "ఏం కొరికాడు? ఎముకా, రాయా?"

మేస్త్రికి బల్లకింది ప్లాస్టరు గుర్తొచ్చింది. పని బాగా కుదరని అచ్చుల్ని ఆయన బల్లకింద పడేస్తాడు. పచ్చటి గట్టి ప్లాస్టరు, గోరు దిగదు. పిడుగు వాటిని పటపట కొరుకుతుంటే వచ్చినవాళ్ళందరికీ చూపించి, "వీడు నా ఇన్‌స్పెక్టరు, పనికిరాని సరుకు వీడికి నచ్చదు" అని మురిసిపోయేవాడు.

"నేనే పెట్టానమ్మా" అన్నాడు. "నా చేత్తో నేనే."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకనిపించింది. "గోరుతో నొక్కితే సొట్టపడనిదేదీ నోటికివ్వకండి. రేపు మత్తిచ్చి, ఎక్సరే తీసి, ఆ పన్ను తీసేస్తాను."

"ఒకటే సందేహం డాక్టరమ్మా. ఇంత నొప్పుంటే ఏడవొచ్చుగా? తిండి మానొచ్చుగా?"

"ఏడవవండీ. రెండో వైపుతో తినేస్తాయి. తింటున్నాయి కదా అని మనం చూడం. మనం చూడం కదా అని అవి చెప్పవు."

ఇంటికొచ్చి కోడల్ని కూర్చోమని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "తప్పు వాడిది కాదమ్మా, నాది. చిట్టికి దెబ్బ తగిలింది నావల్ల. పంపిస్తే నన్ను పంపించాలి గోడౌనుకి." కోడలికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "పదిహేను రోజులు చూస్తాను మావయ్యగారూ. అంతవరకూ చిట్టి దాని దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు" అని అన్నయ్యకు ఫోను చేసి ఆదివారం రావద్దంది.

శనివారం పన్ను తీశారు. పిడుగు రెండు వారాలు మెత్తని తిండి తింది. బల్లకింద ఇప్పుడు ప్లాస్టరు ముక్క ఒక్కటి లేదు, మేస్త్రి చీపురుతో స్వయంగా ఊడ్చాడు. మానిందని డాక్టరమ్మ చెప్పాక, కుక్కల పేస్టు, మెత్తటి బ్రష్షు తెచ్చి రోజూ దానికి పళ్ళు తోమడం మొదలుపెట్టాడు. మూడోరోజున పిడుగు తనంతట తాను వెళ్ళి, గుమ్మంలో కూర్చున్న చిట్టి ఒళ్ళో కుడి చెంప ఆన్చి పడుకుంది. పిల్ల భయంభయంగా ఆ చెంప నిమిరింది. తోకాడింది. వంటింటి తలుపు దగ్గర ఊపిరి బిగపట్టి నిలబడ్డ కోడలు ఫోను తీసి, "అన్నయ్యా, నువ్వు వేరే కుక్కని చూసుకో" అంది.

ఆరోజు భోజనాల దగ్గర మేస్త్రి మహా సంతోషంగా ఉన్నాడు. ఈమధ్య ఎవరు తింటున్నా దవడలు చూడటం అలవాటైపోయింది. చిట్టి రెండువైపులా నములుతోంది, కోడలు రెండువైపులా నములుతోంది. భార్య ఎడమవైపే నములుతోంది.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆవిడ ఇంకో ముద్ద పెట్టుకుంది. మళ్ళీ ఎడమవైపే.

అందరూ లేచేదాకా ఆగి, పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఎన్నాళ్ళనుంచి?"

ఆవిడకు దేనిగురించో అడగాల్సిన పని లేకపోయింది. "మీరు ఇచ్చిన రోజునుంచీ."

"నాతో చెప్పొచ్చుగా!"

"ఊరంతా మెచ్చుకునే పనాయె. నాకొక్కదానికే గుచ్చుకుంటోందని ఎలా చెప్పనండీ? తింటూనే ఉన్నాగా."

మేస్త్రి అరచెయ్యి చాచాడు. ఆవిడ కాసేపు మొహమాటపడి, అటు తిరిగి సెట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పనిగదిలోకి తీసుకుపోయి దీపం కింద పట్టుకున్నాడు. ఎడమవైపు పళ్ళు అరిగి నున్నబడ్డాయి. కుడివైపు పళ్ళు, నాలుగేళ్ళ కిందట తాను చెక్కిన గీతలతో సహా, కొత్తగా మెరుస్తున్నాయి.