దిగే రోజు పొద్దుటి తిండి

యుద్ధంలో మా ఓడ దాడికి వెళ్లిన నాలుగు దీవులకూ నేనే వండాను. నడుము ఎప్పుడో చచ్చిపోయింది, చేతులు మాత్రం వాటంతటవే పెనం తిప్పుతుంటాయి. మెరీన్ సైనికులు తీరంలో దిగే రోజు తెల్లవారకముందే మనిషికో పెద్ద గొడ్డుమాంసం ముక్క, రెండు గుడ్లు పెట్టడం మా ఓడ ఆచారం. మిగతా రోజులు గుడ్ల పొడీ డబ్బా మాంసమూ తినేవాళ్లకు అది పండగే. నా వంటగది నుంచి ఒక్కడూ ఖాళీ కడుపుతో పోకూడదని నా పంతం.

మూడో దీవి రోజు కార్పొరల్ ప్రూయిట్ పళ్లెం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ముప్పై దాటినవాడు, ఊళ్లో ట్రామ్ కండక్టరు. సముద్రం పడక రెండు వారాలుగా వాంతులే.

"వద్దు బాబాయ్. గొంతు దిగట్లేదు."

"టికెట్లు కొట్టడానికి పోతున్నావా? తుపాకీ మొయ్యాలి. తిను."

"తర్వాత తింటాలే."

"తర్వాతంటే? ఆ ఒడ్డున మీ అత్తగారేమైనా వండిపెట్టుకుని కూర్చుందా?"

పక్కవాళ్లు నవ్వారు. సిగ్గుపడి తిన్నాడు. అంతటితో ఊరుకున్నానా? ఇంకో గుడ్డు వేశాను. అదీ తిన్నాడు.

మధ్యాహ్నానికి, వాళ్లను ఒడ్డుకు తీసుకెళ్లిన పడవలు గాయపడ్డవాళ్లతో తిరిగొచ్చాయి. పొద్దున పగడపు దిబ్బ దాటలేక అక్కడే ఆగిపోయాయట. మిగతా దూరం మెరీన్లు రొమ్ములోతు నీళ్లలో తూటాలకు ఎదురు నడిచారట. భోజనాల బల్లల మీదే డాక్టర్లు కోతలు మొదలుపెట్టారు, వంటవాళ్లం మోతగాళ్లమయ్యాం. నేను మోసిన నాలుగోవాడో అయిదోవాడో ప్రూయిట్. పొద్దున తిన్న బల్ల మీదే పడుకోబెట్టాను. కడుపులో తూటా.

"ఇవాళ వాంతి కాలేదు బాబాయ్," అన్నాడు. అదేదో ఘనకార్యంలా చెప్పాడు.

మత్తుమందు ఇచ్చాక డాక్టర్ హెస్లర్ నా వైపు చూశాడు. "ఏమైనా తిన్నాడా?"

"తిన్నాడు సార్. మాంసం, మూడు గుడ్లు. నేనే తినిపించాను."

ఆయన గాయం తెరిచి చూశాడు. "ఖాళీ కడుపైతే కన్నం కుట్టేసేవాణ్ణి. ఇప్పుడు తిన్నదంతా పేగుల మీదికి చిమ్మింది, చీము పడుతుంది. దీపం పట్టుకో."

రెండు గంటలు పట్టుకున్నాను. మర్నాడు సాయంత్రం ప్రూయిట్ పోయాడు. నన్ను ఎవరూ ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. మంచికి పోయి చేతులారా మనిషిని చంపుకున్నానని ఏడ్చాను.

నాలుగో దీవి రోజు పొద్దున నా పెనాలు చల్లగా ఉన్నాయి. మనిషికి రెండు బ్రెడ్ ముక్కలు, కాఫీ.

"ఇదేంటి బాబాయ్, చావబోయేవాడికి పెట్టే కూడు ఇదేనా?" అన్నాడో మెరీన్.

"ముసలోడు మాంసం అమ్ముకున్నాడ్రా," అన్నాడు పక్కవాడు.

లెఫ్టినెంట్ మండిపడుతూ వచ్చాడు. "మాంసం ఏది?"

"పొయ్యి చెడిపోయింది సార్."

"మరి కాఫీ ఎలా కాగింది?"

నేను చల్లటి పెనం తుడవసాగాను. గుమ్మం దగ్గర డాక్టర్ హెస్లర్ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేని ముఖం.

"చెడిపోయింది. నేను చూశాను," అన్నాడు. లెఫ్టినెంట్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

వాళ్లు ఒక్కొక్కరే నన్ను తిట్టుకుంటూ పడవల్లోకి దిగారు. తిట్టండి నాయనా. సాయంత్రం తిరిగొచ్చి ఇంకా తిట్టండి.