పళ్ళ మధ్య ఎర్రగుడ్డ

గాజుసీసాలోకి దిగిన సన్నటి బ్రేకు గొట్టంలో ఇంకో గాలిబుడగ కనిపించింది. మెర్టన్ ఆలీ మోచేతులు ఆన్చి సిమెంటు నేల మీంచి లేచాడు. ట్రెయిలరు ముందు కొసకి నడిచి, ట్రక్కుకి తగిలించే కొక్కెం లోపలి కడ్డీని మళ్ళీ నాలుగైదు సార్లు తోశాడు. వెనక్కి వచ్చి చక్రం పక్కన చెంప నేలకి ఆనించి చూశాడు. బుడగ లేదు. తేనెరంగు నూనె మాత్రం మెల్లగా కదులుతోంది. ఇంకెవరైనా అక్కడితో మర బిగించి చేతులు తుడుచుకునేవాళ్ళు. మెర్టన్ మరోసారి తోసి, మరోసారి చూశాడు.

పడవల ట్రెయిలరుకి బ్రేకు తొక్కే మనిషంటూ ఉండడు. ముందున్న ట్రక్కు ఆగబోతే వెనక బరువు దాన్ని నెడుతుంది. ఆ నెట్టుడుకే కొక్కెం లోపలికి జారి, నూనెని గొట్టాల్లోకి తోసి, చక్రాలకి బ్రేకులు పట్టిస్తుంది. అంటే మీద పడబోయే బరువే తనని తాను ఆపుకోవాలి. ఆ ఏర్పాటు మీద మెర్టన్‌కి ఏనాడూ నమ్మకం కుదరలేదు. అందుకే ఆ రేవు ఊళ్ళో బ్రేకుల పని అతనొక్కడే చేసేవాడు. ప్రతి వేసవి మొదట్లోనూ ఉప్పునీళ్ళు తిన్న గొట్టాలు మార్చేవాడు, తుప్పు గీకేవాడు, కొత్త నూనె పోసేవాడు. చేసినంతసేపూ భయపడేవాడు. బాగుచేసిన ప్రతి ట్రెయిలరూ ప్యాటెన్ వాలు మీంచి ట్రక్కుని తోసుకుంటూ రేవులోకి దొర్లిపోతున్నట్టు అతని కళ్ళకి కనిపించేది.

చిన్నప్పుడు ఒకసారి నిజంగానే దొర్లింది. వాళ్ళ నాన్న ట్రక్కు, వెనక పడవ, నాన్న పక్కన మెర్టన్. రేవు చివరి కొయ్యని ఢీకొట్టి నీళ్ళలో పడ్డారు. ఇద్దరూ ఈదుకుంటూ బయటికొచ్చారు. వాళ్ళ నాన్న ఆ సంగతి చచ్చేదాకా పదిమందికీ చెప్పి పగలబడి నవ్వేవాడు. మెర్టన్ మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేకపోయాడు.

అతనికి ఇంకా పెద్ద భయం వేలెడు ఇనప చీల గురించి. ట్రెయిలరుని వెనక్కి నడిపి గట్టు ఎక్కిస్తే కొక్కెం లోపలికి జారి బ్రేకులు పట్టేస్తాయి. పట్టకుండా దాని గాడిలో ఆ చీల దూర్చాలి. చీల ఉన్నంతసేపూ బ్రేకులు చచ్చినట్టే. పని కాగానే తియ్యాలి. తియ్యడం మరిచిపోకుండా మెర్టన్ ఒక అలవాటు చేసుకున్నాడు. చీల దూర్చేముందు దానికి కట్టిన ఎర్రగుడ్డ పీలిక విప్పి పళ్ళ మధ్య కరిచిపట్టుకునేవాడు. చీల బయటికొచ్చేదాకా నోరు తెరిచేవాడు కాదు. నోట్లో గుడ్డ ఉన్నవాడు ఏ సంగతీ మరిచిపోలేడు. పడవలు బాగుచేసే యార్డులో అందరూ, "మెర్టన్ మౌనవ్రతం పట్టాడు, పక్కకి జరగండి," అని ఎగతాళి చేసేవాళ్ళు.

ఈ ఏప్రిల్లో అతనికి పెళ్ళయింది. అరవై దాటాక మొదటి పెళ్ళి. ఆర్లీన్ లాబ్‌స్టరు బోనులకి వలలు అల్లుతుంది, నిద్రలో నవ్వుతుంది, కాఫీలో దాల్చినచెక్క పొడి చల్లుతుంది. స్నానాలగదిలో ఒకే గ్లాసులో రెండు పళ్ళకుంచెలు చూసి మెర్టన్ రోజూ పొద్దున్నే కాసేపు అక్కడే నిలబడిపోతున్నాడు. ఇవాళ గొట్టాలు బిగిస్తూ ఈల కూడా వేశాడు. ఆ ఈల తనదేనని కాసేపటికి గాని తెలియలేదు.

ఆ ట్రెయిలరు ఆర్లీన్ అన్న ఎల్వుడ్‌ది. దాని మీద పడవ, పడవలో ఇంజను, దుంగలు, తాళ్ళు. ఎల్వుడ్, టోపీ పెట్టుకున్న భార్య హ్యాటీతో కలిసి మధ్యాహ్నానికి వచ్చాడు. యార్డు రోడ్డుకన్నా పల్లంలో ఉంది. తిరగడానికి చోటులేదు, ట్రెయిలరుని వెనక్కే గట్టెక్కించాలి. మెర్టన్ గుడ్డ కరిచిపట్టుకుని, చీల దూర్చి, చేత్తో సైగ చేశాడు.

"ఏం బావా, మా చెల్లెలు తిండి పెడుతోందా?" కిటికీలోంచి అరిచాడు ఎల్వుడ్. మెర్టన్ తల ఊపాడు. "చూశావుటే హ్యాటీ! పెళ్ళయి నెలరోజులు కాలేదు, మనిషికి మాట పడిపోయింది!"

"నీకూ పడిపోతే ఎంత బాగుండేది," అంది హ్యాటీ.

ట్రెయిలరు గట్టెక్కి రోడ్డు మీద నిలిచింది. సరిగ్గా అప్పుడే ఆర్లీన్ కారు వచ్చి పక్కన ఆగింది. ఆమె చేతిలో మూతపెట్టిన గిన్నె, దాన్నుంచి హాడక్ చేపా పాలూ కలిసి ఉడికిన వాసన. నవ్వుతూ బుగ్గ ముందుకి చాపింది. మెర్టన్ నోట్లో గుడ్డ తీసి జేబులో పెట్టుకుని, ఆ బుగ్గ మీద ముద్దు పెట్టాడు. ఎల్వుడ్ హారను మోగించి, కేకలు వేసి, బండి కదిలించాడు. మెర్టన్ చెయ్యి ఊపాడు.

షెడ్డులో సగం గిన్నె ఖాళీ అయ్యాక, మీసానికి అంటిన మీగడ తుడుచుకుందామని జేబులో చెయ్యిపెట్టాడు. వేళ్ళకి తడి తగిలింది.

గుడ్డ బయటికి తీసి చూశాడు. గోడ మీద చీల తగిలించే మేకు వైపు చూశాడు. మేకు బోసిగా ఉంది. గిన్నె ఒళ్ళోంచి జారి పడింది.

"ఏమైంది?" అంది ఆర్లీన్. "మెర్టన్! ముఖమేంటి అలా అయిపోయింది?"

"చీల దాంట్లోనే ఉంది."

ఆమె ఆ ఊళ్ళో పుట్టినది. ఇంకేమీ అడగలేదు. మెర్టన్ ట్రక్కు చక్రాలు ఊడదీసి దిమ్మల మీద ఉంది. ఇద్దరూ ఆమె కారు కేసి పరుగెత్తారు. ఆర్లీన్ హ్యాటీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"వదిన ఫోను వంటింట్లో మోగుతూ ఉంటుంది. ఎప్పుడూ అంతే," అంటూ కారుని రోడ్డెక్కించింది.

"వాలు చేరిపోయి ఉంటారు."

"చేరరు. అన్నయ్య ముసలి గుర్రంలా నడుపుతాడు."

"చేరి ఉంటారు ఆర్లీన్. కింద కొట్టు ముందు జనం ఉంటారు. ఎండ కాస్తోంది, అందరూ బయటే కూచుంటారు..."

"నోరు మూసుకో. నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో."

మెర్టన్ చేతిలోని ఎర్రగుడ్డ తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆర్లీన్ ఓరగా చూసింది. నవ్వబోయి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. ఫర్ చెట్లు, తెల్లటి ఇళ్ళ ముందు పేర్చిన బోనులు వెనక్కి పరుగెత్తాయి. మెర్టన్ కుడికాలు, తన వైపు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. నాన్న నవ్వు వినిపించింది. ట్రక్కు అద్దంలోంచి లోపలికి లేచిన ఆనాటి ఆకుపచ్చటి నీళ్ళు కనిపించాయి. ఆ నీళ్ళ అడుగున ఈసారి హ్యాటీ టోపీ ఉంది.

ప్యాటెన్ వాలు మొదట్లో ప్రతివాళ్ళూ బండి ఆపి రేవులోకి చూస్తారు. పోటు వచ్చి నల్లరాయి మునిగితేనే పడవ దించుతారు. ఎల్వుడ్ కూడా ఆపాడు. నల్లరాయి మీద ఇంకా నీటికాకులు కూచుని ఉన్నాయి. అందుకని అది మునిగేదాకా భార్యాభర్తలిద్దరూ డోనట్లు తింటూ పోట్లాడుకున్నారు. మెర్టన్, ఆర్లీన్ మలుపు తిరిగేసరికి పక్షులు లేచాయి. ట్రక్కు పొగ వదిలి ముందుకి కదిలింది.

ఆర్లీన్ హారను మీంచి చెయ్యి తియ్యకుండా పక్కనుంచి దూసుకెళ్ళి, కారుని ట్రక్కుకి అడ్డంగా ఆపింది. ఎల్వుడ్ బ్రేకు తొక్కాడు. వెనక పడవ ఆగలేదు. ట్రక్కుని నెట్టింది. టైర్లు కంకరమీద కీచుమంటూ జారి, ఆర్లీన్ కిటికీకి జానెడు దూరంలో నిలిచాయి. ట్రక్కు వెనకభాగం ఇంకా వణుకుతోంది.

"కాలు తియ్యకు!" అంటూ మెర్టన్ కిందికి దూకాడు. గుడ్డ నోట్లోంచి ఎక్కడో పడిపోయింది. "ఎల్వుడ్, కాలు తియ్యకు! ఆర్లీన్, చక్రం కింద పెట్టడానికి ఏదైనా..."

ఆమె అప్పటికే తన సీటు కిందనుంచి స్ప్రూస్ కొయ్యతో చెక్కిన ముక్కోణపు దిమ్మ లాగింది. మెర్టన్ దాన్ని ట్రెయిలరు చక్రం కింద మడమతో తన్ని దిగ్గొట్టాడు. చక్రం దాని మీదికి ఎక్కబోయి, మూలిగి, ఆగిపోయింది.

"నీ కార్లో ఇదెందుకుంది?" అన్నాడు ఊపిరి పీలుస్తూ.

"నా చేతిబ్రేకు పనిచెయ్యదు. నీకు చెబితే నిద్రపోవుగా."

ఎల్వుడ్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ముఖం పాలిపోయింది. "దారంతా వెనకనుంచి నెడుతోందిరా బాబూ. కొత్త నూనె కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను."

బరువుకి బిగుసుకుపోయిన చీలని మెర్టన్, ఎల్వుడ్ ట్రక్కులోని సుత్తితో కొట్టి ఊడదీశాడు. అరచేతిలో పెట్టి వాళ్ళకి చూపించాడు. "నేనే తియ్యలేదు. మరిచిపోయాను."

పంచదార అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని హ్యాటీ చాలాసేపు కింద రేవుని, కొట్టు ముందు కూచున్న మనుషులని చూసింది. చివరికి, "డోనట్ ఇంకోటి ఉంది, తిను. పడిపోయేలా ఉన్నావు," అంది.

ఆర్లీన్ కారు పక్కకి తీసింది. మెర్టన్ దిమ్మని సుత్తితో పక్కకి కొట్టి వదిలించాక, ఎల్వుడ్ వాలు దిగాడు. మెర్టన్ రోడ్డు మధ్య నిలబడి చూశాడు. ట్రక్కు వేగం తగ్గినప్పుడల్లా కొక్కెం లోపలికి జారింది, పడవ ముక్కు వంచింది, చక్రాలు పట్టుకున్నాయి. కింద మలుపు దగ్గర బండి ఆగింది. కొట్టు ముందు ఎవరో చెయ్యి ఊపారు. అప్పుడు మెర్టన్ గట్టు మీద కూలబడ్డాడు.

"రేపట్నుంచి బ్రేకులు ఇంకెవరైనా చూసుకోవాలి," అన్నాడు. "నేను రంగులు వేస్తాను. ఇంజన్లు చూస్తాను."

"ఒక్కసారి మరిచిపోయావు. నేనే అడ్డమొచ్చాను. ఇంకెప్పుడూ ఆ వేళకి రాను, సరేనా?"

"నువ్వు రావాలి." మెర్టన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు వస్తే నేను గుడ్డ తీసేస్తాను. ఇవాళ తీశాను. రేపొచ్చినా తీస్తాను. అలాంటివాడు బ్రేకులు ముట్టుకోకూడదు."

చీర చెంగు లేని ఊరు కనుక ఆర్లీన్ స్వెట్టరు చేత్తో కళ్ళు తుడుచుకుంది. అతన్ని లేపి కారులో కూచోబెట్టి, ముందు నీ సంగతి తేల్చుకుందాం, తరవాత నా చేతిబ్రేకు సంగతి, అంటూ యార్డు వైపు తిప్పింది. వెనక్కి చూడాలని ఇద్దరికీ తట్టలేదు.

వాలు మొదట్లో, కంకరమీద, టైరు గాట్లు లోతుగా పడ్డ కొయ్యదిమ్మ రేవు వైపు తిరిగి ఉండిపోయింది.